సమకాలీన కళాసంస్కృతుల విదేశవిద్య - గ్రామమునకు దానితో గల చుట్టరికము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఒక గ్రామగ్రంథాలయము 25 సంవత్సరములపాటు తలుపులు మూయక నిలుచుట సామాన్య విషయము కాదు. ఇట్టి శుభసమయమున పుస్తకముల మహిమను ప్రస్తుతించుట ఆచారము. అయితే ఇచటి చందాదారులు పుస్తకమహిమను ఎరుగనివారు కారు. అందుచేత ఈ సభలో కొంత క్రొత్తదైన విషయము గైకొనబడినది. సమకాలీన కళలను, సంస్కృతిని విదేశ విశ్వవిద్యాలయములలో స్నాతకోత్తర స్థాయిలో, అనగా బి.ఏ. వంటి పట్టము పొందిన పిమ్మట, అభ్యసించుటయే ఆ విషయము. పల్లెటూరి గ్రంథాలయమునకు దీనితో సంబంధమేమని తోచవచ్చును. ఆ సంబంధము మిక్కిలి దగ్గరిది. ఆ విద్యకు పురుడు పోసినది పనివారి రాత్రిబడులును, చవుక పుస్తకములును, ఊరి గ్రంథాలయములును.

నేడు తెలుగు పల్లెలనుండి యువకులు, యువతులు అమెరికాకు, ఇంగ్లండునకు, జర్మనీకి, ఆస్ట్రేలియాకు చదువులకై పోవుచున్నారు. కంప్యూటరు చదువుటకనిన తల్లిదండ్రులకు బోధపడును. వైద్యమనినను బోధపడును. "సంస్కృతిని చదువుదును" అని బిడ్డ పలికినచో ఇంటిల్లిపాదియు విస్తుపోవుదురు. "సంస్కృతిలో చదువుటకేమున్నది? ఉన్నను దానికై సముద్రము దాటవలెనా? దాటి వచ్చిన పిదప అది అన్నము పెట్టునా?" అని పెద్దలు అడుగుదురు. ఈ మూడు ప్రశ్నలును న్యాయమైనవే. భూమిని కుదువబెట్టి ఋణము తేవలసిన తండ్రికి వీనిని అడుగు హక్కు కలదు. కావున వీనికి వరుసగా సమాధానము వెదకుట యుక్తము.

మొదటి ప్రశ్న: సంస్కృతిలో చదువుటకేమున్నది? ఇంగ్లీషువారు సంస్కృతిని 'కల్చర్' అందురు. ఆ పదము లాటిను భాషలో నేలను దున్ని సాగుచేయుట అను అర్థము గల ధాతువునుండి పుట్టినది. వ్యవసాయమునకు గల 'అగ్రికల్చర్' అను పేరు ఆ చుట్టరికమును నేటికిని చాటుచున్నది. మొదట పైరును పెంచుట, పిదప మనస్సును పెంచుట, ఆ పిదప ఒక జనసమూహము బ్రతుకు విధానమంతయు, ఇట్లు ఆ మాటకు అర్థము విస్తరిల్లినది. ఈ విస్తరణమును శ్రద్ధతో పరిశీలించినవారిలో రేమండ్ విలియమ్స్ ముఖ్యుడు. ఆయన 1921లో వేల్సునందలి పాండీ అను పల్లెలో జన్మించెను. తండ్రి రైల్వేలో సిగ్నలు పనివాడు. విలియమ్స్ కేంబ్రిడ్జిలో చదివి, 1946 నుండి 1961 వరకు వయోజనులకు పాఠములు చెప్పెను. 1958లో 'కల్చర్ అండ్ సొసైటీ' అను గ్రంథమును, 1976లో 'కీవర్డ్స్' అను గ్రంథమును ప్రకటించెను. సంస్కృతి అనునది పెద్దమనుష్యుల కచేరీలలోను, చిత్రశాలలలోను మాత్రమే ఉండునది కాదనియు, సామాన్యుల నిత్యజీవనమునందు అల్లుకొని యుండుననియు ఆయన బోధించెను.

ఆ వయోజన తరగతుల చరిత్ర ఈ ఊరివారికి ప్రీతి కలిగింపదగినది. ఇంగ్లండులో 1903లో కార్మిక విద్యాసంఘము స్థాపితమయ్యెను. పగలు పనిచేసిన పురుషులు, స్త్రీలు సాయంకాలము ఒకచోట చేరి చరిత్ర, సాహిత్యము, అర్థశాస్త్రము నేర్చికొనుచుండిరి. ఒక గంట ఉపన్యాసము, ఒక గంట చర్చ ఆ తరగతుల సంప్రదాయము. చెప్పినదానిని వ్రాసికొని ఊరకుండు విద్యార్థులు కారు వారు. తమ బ్రతుకుతో సరిచూచి, "ఇది మాకెట్లు వర్తించును?" అని గురువును నిలదీయువారు. అట్టి ప్రశ్నల రాపిడిలోనే క్రొత్త శాస్త్రము రూపుదిద్దుకొనెను.

అట్టి గురువులలో మరియొకడు రిచర్డ్ హోగర్ట్. ఆయన 1918లో లీడ్స్ నగరమున బీదకుటుంబమున జన్మించెను. బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయి, హన్స్‌లెట్ అను కార్మికవాడలో నాయనమ్మ చెంత పెరిగి, విద్యార్థివేతనములతో విశ్వవిద్యాలయము చేరెను. 1946 నుండి 1959 వరకు హల్ విశ్వవిద్యాలయము తరఫున వయోజనులకు బోధించెను. 1957లో ఆయన ప్రకటించిన 'ది యూసెస్ ఆఫ్ లిటరసీ' అను గ్రంథములో మొదటి సగము కార్మికుల ఇండ్లలోని మాటలు, వంటలు, వేడుకలు, ఇరుగుపొరుగు అనుబంధములను వర్ణించును. రెండవ సగము చవుకబారు పత్రికలు, పాటలు ఆ జీవనమును ఎట్లు మార్చుచున్నవో విచారించును. అక్షరాస్యత వచ్చిన జనులు దానిని దేనికి వినియోగింతురు, వారి అక్షరాస్యతను ఇతరులు దేనికి వినియోగించుకొందురు అనునది ఆయన ప్రశ్న. చేతిలో చరవాణి పట్టుకొని రాత్రి రెండు జాములు మేలుకొనుచున్న నేటి గ్రామమునకు ఈ ప్రశ్న మరింత సూటిగా తగులును.

హోగర్ట్ 1964లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున సమకాలీన సంస్కృతీ అధ్యయన కేంద్రమును నెలకొల్పెను. అది మొదట స్నాతకోత్తర పరిశోధనకు మాత్రమే ఉద్దేశింపబడినది. దానికి ధనసహాయము చేసినవాడు పెంగ్విన్ పుస్తకముల స్థాపకుడైన ఆలెన్ లేన్. ఆయన 1935లో మంచి గ్రంథములను ఆరు పెన్నీలకే అమ్మ నారంభించి, సామాన్యులకు పుస్తకమును అందుబాటులోనికి తెచ్చెను. 1960లో ఒక నవలను ప్రకటించినందులకు పెంగ్విన్ సంస్థపై అభియోగము రాగా, హోగర్ట్ న్యాయస్థానమున ఆ సంస్థ పక్షమున సాక్ష్యము చెప్పెను. ఆ పరిచయమే తరువాత ధనసహాయమునకు దారితీసెను. చవుక పుస్తకములవలన వచ్చిన ధనము సామాన్యుల సంస్కృతిని చదువు కేంద్రమునకు పునాది యగుట ఎంతయు ఉచితముగ నున్నది.

ఆ కేంద్రమునకు కీర్తి తెచ్చినవాడు స్టూవర్ట్ హాల్. ఆయన సముద్రము దాటి వచ్చిన విద్యార్థియే. 1932లో జమైకా ద్వీపమున కింగ్‌స్టన్ నగరములో జన్మించి, 1951లో రోడ్స్ విద్యార్థివేతనముపై ఆక్స్‌ఫర్డు చేరెను. అచట ఆంగ్లసాహిత్యము చదివి, పరిశోధనను నడుమనే విడిచి, లండనులోని బ్రిక్స్‌టన్‌లో పాఠశాల ఉపాధ్యాయుడుగ పనిచేసెను. కేంద్రము ఆరంభమున హోగర్టునకు సహాయకుడుగ చేరి, పిదప దాని బాధ్యత వహించి, 1979 వరకు నడపెను. అటుపిమ్మట ఇంటివద్ద నుండియే చదువు వీలు కల్పించు ఓపెన్ యూనివర్సిటీలో 1997 వరకు ఆచార్యుడుగ నుండెను. తాను వలసపాలన క్రింది ద్వీపమునుండి వచ్చినవాడగుటచే, ఆ దేశీయులకు కనబడని వారి స్వభావము ఆయన కంటికి కనబడెను. అతిథి దృష్టికి గల బలము అట్టిది.

హాల్ 1973లో వ్రాసిన ఒక వ్యాసము టెలివిజనుపై వచ్చు వార్తను గూర్చినది. వార్తను తయారుచేయువాడు దానిలో ఒక అర్థమును పొదుగును. చూచువాడు ఆ అర్థమును అట్లే గ్రహింపవచ్చును. కొంత ఒప్పుకొని కొంత మార్చుకొనవచ్చును. లేదా పూర్తిగా ఎదిరించి వేరుగ గ్రహింపవచ్చును. ఉదాహరణమునకు, ఉల్లి ధర పెరిగినదను వార్తను గైకొనుడు. పట్టణవాసి అయ్యో యనును. ఉల్లి పండించు రైతు, "ఆ హెచ్చిన ధర నా చేతికి వచ్చినదా?" యని లెక్క చూచుకొనును. దళారి మరియొక విధముగ వినును. వార్త ఒక్కటియే, వినికిడులు మూడు. వినువాడు మట్టిముద్ద కాడని, అతడును అర్థమును కల్పించువాడేనని హాల్ నిరూపించెను.

ఆ కేంద్రపు విద్యార్థియైన పాల్ విల్లిస్ 1977లో 'లెర్నింగ్ టు లేబర్' అను గ్రంథమును ప్రకటించెను. ఇంగ్లండులోని ఒక పారిశ్రామిక పట్టణమున పాఠశాల విడువబోవు 12 మంది కార్మికుల బిడ్డలతో ఆయన తిరిగి, వారి మాటలు, పరిహాసములు వినెను. కూలివాని కొడుకు మరల కూలిపనికే తనంతట తాను ఎట్లు పోవునను ప్రశ్నకు సమాధానము వెదకెను. బడి తమకేమియు ఒరుగబెట్టదని ఆ బాలురు కనుగొనిరి. ఆ తెలివితోనే బడిని వెక్కిరించిరి. ఆ వెక్కిరింపే తుదకు వారిని కర్మాగారపు వాకిటికి చేర్చెను. మందబుద్ధులని గురువులు త్రోసివేసిన బాలురయందు ఇంత ఆలోచన కలదని ఎవరు శంకించిరి? 1978లో ఆ కేంద్రపు స్త్రీలు తమ విషయమును మరచితిరేమని అడుగుచు ఒక సంపుటమును, 1982లో నల్లజాతి వలసదారుల పక్షమున మరికొందరు మరియొక సంపుటమును వెలువరించిరి. కావున సంస్కృతిలో చదువుటకేమున్నదను ప్రశ్నకు సమాధానమిది: ఎవరి బ్రతుకు చదువదగినది, ఎవరి మాట వినదగినది అను నిర్ణయమే ఈ విద్యకు ప్రాణము.

ఇక రెండవ ప్రశ్న: దానికై సముద్రము దాటవలెనా? పెరటి చెట్టు మందునకు పనికిరాదని సామెత. ఇచట జరిగినది సరిగ్గా అదియే. పల్నాటి వీరుల కథను అలిశెట్టి గాలెయ్య అను గాయకుడు పాడగా, జీన్ రోఘైర్ అను అమెరికా పండితుడు దానిని ఓపికతో విని, ఆంగ్లానువాదముతోను విమర్శతోను 1982లో ఆక్స్‌ఫర్డునుండి గ్రంథముగ వెలువరించెను. తిరుపతి గంగమ్మ జాతరను, మాతమ్మలను, వేషములు కట్టు కుటుంబములను గూర్చి ఎమరీ విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు జాయిస్ ఫ్లూకిగర్ చిరకాలము పరిశోధించి 2013లో గ్రంథము ప్రకటించినది. పరదేశీయులు వచ్చి విన్నందులకు కృతజ్ఞత చూపదగినదే. కాని ఆ జాతరలో చిన్ననాటినుండి మెలగిన బిడ్డకు తెలిసినది వారికి తెలియుటకు ఏండ్లు పట్టును. అట్టి బిడ్డ ఆ శాస్త్రమును నేర్చినచో ఫలితము ఎట్లుండునో ఊహింపవచ్చును.

సముద్రము దాటకయే ఈ పని చేసినవారు కలరు. ఎస్.వి. శ్రీనివాస్ గారు తెలుగు సినిమాను, అభిమాన సంఘములను శాస్త్రీయముగ పరిశీలించి, చిరంజీవిని గూర్చి 2009లో ఆంగ్లమున గ్రంథము వెలువరించిరి. బొమ్మ విడుదలనాడు పాలాభిషేకము చేయు యువకులను చూచి పెద్దలు నవ్వుదురు. ఆ గుంపులో సంఘటన, గౌరవకాంక్ష, రాజకీయము ఎట్లు కలిసియున్నవో ఆ పరిశోధన విప్పిచూపెను. హైదరాబాదునందును ఈ విద్యకు చోటు కలదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పినది ఇచట వర్తించును. అయినను విదేశవాసమువలన ఒక లాభము కలదు. ఊరు విడిచి చూచినపుడు ఊరు స్పష్టముగ కనబడును. జమైకావాడు, నైజీరియావాడు, చీనావాడు ప్రక్కన కూర్చుండి తన పండుగను గూర్చి చెప్పినపుడు, సొంత పండుగలో అంతవరకు ప్రశ్నింపనిది ప్రశ్నగా మారును.

కళాభ్యాసమునకును ఇది వర్తించును. అందులకు తెలుగునేలనుండియే గొప్ప నిదర్శనము కలదు. ఎన్. కృష్ణారెడ్డిగారు 1925లో చిత్తూరు జిల్లా నందనూరు గ్రామమున జన్మించిరి. శాంతినికేతనమున నందలాల్ బోసుగారి శిష్యులై, మద్రాసు కళాక్షేత్రమున చిత్రకళ బోధించి, పిదప లండనులోని స్లేడ్ కళాశాల చేరిరి. అటనుండి పారిస్ పోయి, జాడ్కిన్ వద్ద శిల్పమును, హేటర్ నడపు 'అటెలియే 17' అను ముద్రణశాలలో లోహపు పలకపై చెక్కు విద్యను నేర్చిరి. రంగుల ముద్రణకు సాధారణముగ ఒక్కొక రంగునకు ఒక్కొక పలక కావలెను. కృష్ణారెడ్డిగారును, బొంబాయివారైన కైకో మోతీగారును ఆ శాలలో సాగిన ప్రయోగములలో ముఖ్యులై, ఒకే పలకనుండి ఒకేమారు పెక్కు రంగులు అచ్చగు పద్ధతిని వృద్ధిచేసిరి. పలకను వేర్వేరు లోతులకు చెక్కుదురు. సిరాలలో నూనెపాలు హెచ్చించియు తగ్గించియు ఒకటి చిక్కగను, ఒకటి పలుచగను చేయుదురు. గట్టి రోలరు పైభాగమును మాత్రమే తాకును. మెత్తని రోలరు లోతునకు దిగును. చిక్కదనములు వేరగుటచే రంగులు ఒకదానిలో ఒకటి కలసిపోవు. శిల్పివలె పలకను మలచు చేయి ఉన్నందుననే ఆ ప్రయోగము ఫలించెను. నేర్చుటకు పోయినవారు ఆ శాలకు హేటరుతోపాటు సహనిర్దేశకులై, పిదప న్యూయార్క్ విశ్వవిద్యాలయమున ముద్రణకళకు ఆచార్యులైరి. 1972లో పద్మశ్రీ పొంది, 2018లో న్యూయార్కున కీర్తిశేషులైరి. చేతిలో ఒక విద్య పట్టుకొని పోయినవాడు అచట ఇచ్చి పుచ్చుకొనగలడు. రిక్తహస్తములతో పోయినవాడు పట్టము మాత్రమే తెచ్చును.

మూడవ ప్రశ్న: అది అన్నము పెట్టునా? ఇచట తీపిమాటలు చెప్పుట ద్రోహము. బ్రిటనులో ఈ చదువు పూర్తికాల విద్యార్థులకు సాధారణముగ ఒక సంవత్సరము. తరగతులలో చర్చ, వ్యాసరచన, తుదకు ఒక సిద్ధాంతవ్యాసము ఉండును. విదేశీయులు చెల్లించు రుసుము స్వదేశీయులదానికన్న చాల హెచ్చు. చదువు సాగు దినములలో కూలికి పనిచేయుటకు వారమునకు 20 గంటల హద్దు కలదు. ఆ సంపాదనతో రుసుము తీరదు. చదివినవారు ప్రదర్శనశాలలలో, చిత్రోత్సవములలో, ప్రచురణ సంస్థలలో, పత్రికలలో, కళాశాలలలో పని వెదకుదురు. ఆ కొలువులు కొద్ది, ఆశించువారు పెక్కుమంది, జీతములు కంప్యూటరు కొలువులతో సరితూగవు. కావున ఈ చదువునకై పొలము అమ్ముట తగదు. దళారుల మాట నమ్మి అప్పు చేయుట అంతకన్నను తగదు.

అయినను ద్వారములు మూసియుండలేదు. కామన్వెల్తు విద్యార్థివేతన పథకము 1959లో ఏర్పడినది. బ్రిటిషు ప్రభుత్వపు చీవెనింగ్ వేతనము ఒక సంవత్సరపు ఎం.ఏ. చదువునకు లభించును, దానికి ముందుగ కొంతకాలము ఉద్యోగానుభవము ఉండవలెను, చదువు ముగిసిన పిదప రెండేండ్లు స్వదేశమున నివసింపవలెను. ఐరోపాలోని ఎరాస్మస్ ముండుస్ వేతనముతో రెండు మూడు దేశములలో చదువవచ్చును. భారతప్రభుత్వము 1954-55 నుండి నడపుచున్న జాతీయ విదేశవిద్యార్థి వేతనము షెడ్యూల్డు కులములవారికి, సంచారజాతులవారికి, భూమిలేని వ్యవసాయ కూలీల బిడ్డలకు, సాంప్రదాయిక చేతిపనివారి బిడ్డలకు ఉద్దేశింపబడినది.

ఈ చివరి పథకమును గూర్చి గ్రామస్థులు ఆలోచింపవలసిన సంగతి ఒకటి కలదు. 2022లో సవరింపబడిన నియమములలో భారతీయ సంస్కృతి, వారసత్వము, చరిత్ర, భారతదేశమునకు సంబంధించిన సామాజిక అధ్యయనములు ఈ వేతనమునకు అర్హములు కావని చేర్చబడెను. అట్టి విషయములు స్వదేశముననే చదువవచ్చునని అధికారులు సమాధానము చెప్పిరి. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని తోలుబొమ్మలు ఆడించువాని బిడ్డ, నేతగాని బిడ్డ, డప్పు వాయించువాని బిడ్డ తన ఇంటి విద్యనే గూర్చి పరదేశమున పరిశోధింపదలచినచో ఆ ధనము అందదు. ధనవంతుని బిడ్డ సొంత వ్యయముతో అదే విషయము చదువవచ్చును. తోలుబొమ్మలను గూర్చి ఎవరు వ్రాయుదురు, ఎవరు వ్రాయింపబడుదురు అను ప్రశ్న ఇచట మరల తలయెత్తును. దరఖాస్తు పెట్టదలచినవారు ఆయా సంవత్సరపు నియమములను స్వయముగ చదివి, ఇతరుల మాటపై ఆధారపడక, నిశ్చయించుకొనవలెను.

ఇక గ్రంథాలయము చేయదగినదేమి? తెలుగునాట గ్రంథాలయోద్యమము పుస్తకములు కూర్చుటతో తృప్తిపడలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినవి. వేటపాలెములో భద్రపరుపబడిన పాత పత్రికలకై నేటికిని పరిశోధకులు వచ్చుచున్నారు. ఆ పత్రికలు వెలువడినపుడు అవియు సమకాలీనములే. వానిని పారవేయనివారి పుణ్యమున అవి చరిత్రయైనవి. ఈ గ్రంథాలయమును అట్లే చేయవచ్చును. జాతర కరపత్రములు, నాటకముల ప్రకటనలు, పెండ్లి శుభలేఖలు, సినిమా గోడపత్రికలు, సంఘముల నోటీసులు సంవత్సరమువారీగ కట్టలు కట్టి ఉంచవచ్చును. నాట్లు వేయు స్త్రీల పాటలను, బుర్రకథ చెప్పు వృద్ధుల జ్ఞాపకములను వారి అనుమతితో చరవాణిలో ముద్రించి, పాడినవారి పేరు, తేదీ వ్రాసి దాచవచ్చును. ఈ పనికి పెద్ద ధనము అక్కరలేదు. ఇద్దరు విద్యార్థులు, ఒక బీరువా, ఒక పట్టిక చాలును. రేపు విదేశమునకు పోవు బిడ్డకు ఇంతకన్న మంచి దారిబత్తెము లేదు.

బర్మింగ్‌హామ్ కేంద్రమునుండి వృద్ధిపొందిన విభాగమును ఆ విశ్వవిద్యాలయము 2002లో మూసివేసెను. లోకమంతట పేరుపొందిన విద్యకు పుట్టినింట చోటు కరవైనది. అయినను అచట చదివినవారు పలుదేశములలో ఆ విద్యను నిలిపిరి. ఆ కేంద్రపు కాగితములు అదే విశ్వవిద్యాలయ గ్రంథాలయమున భద్రముగ నున్నవి. సంస్థ మూతపడినను గ్రంథాలయము దాని గొంతును కాపాడెను. 25 ఏండ్లు నిండిన ఈ గ్రంథాలయమునకు ఇంతకన్న మించిన ఆశీర్వచనము వేరొకటి అక్కరలేదు. ఈ ఊరి పాటయు, ఈ ఊరి మాటయు ఈ బీరువాలలో చోటు సంపాదించుకొనుగాక! వానిని చదివిన బిడ్డలు ఇంట గెలిచి రచ్చ గెలుతురుగాక! గ్రంథాలయము స్వర్ణోత్సవము చూచుగాక!